దసరా పొద్దున పోని కరెంటు

నర్సయ్య అబద్ధాలకోరు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథంతా అతను ఆడిన ఒకే ఒక్క అబద్ధం చుట్టూ తిరుగుతుంది, చదివేవాళ్లు అతన్ని మొదట్లోనే తీసిపారేస్తే నేను ఊరుకోను. ఇన్నేళ్లు మేస్త్రీలతో, గుత్తేదార్లతో, బస్సు కండక్టర్లతో నెట్టుకొచ్చిన మనిషి ఎన్నడూ బొంకలేదంటే నమ్మడం కష్టమే. అసలు సంగతి, అతనికి అబద్ధం చేతకాదు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నర్సయ్య ఆడితే ముఖం మీద అతుకులన్నీ కనిపించేవి, అందుకని ఆడడమే మానేశాడు. అలాంటివాడు 1998 దసరా మర్నాడు ఆడిన అబద్ధం మాత్రం చక్కగా అతికి కూర్చుంది. కర్మ అంటే అదే.

అతనిది మక్తల్ పక్కన చిన్న ఊరు. రెండెకరాల చెలక, దాని మీద ముగ్గురు అన్నదమ్ములు, మూడేళ్లుగా మొహం చాటేసిన వాన. తొంభై ఆరులో పెళ్లాం బాలమ్మను వెంటబెట్టుకుని, గుంపుతో పాటు లారీ ఎక్కి మాదాపూర్‌లో దిగాడు. అప్పటికి అక్కడ బండరాళ్లు, తుమ్మచెట్లు, వాటి నడుమ గుండ్రంగా లేస్తున్న ఒక పెద్ద భవనం. దాంట్లో పని దొరకలేదు గానీ, దాని వెనక సందులో కడుతున్న నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగులో దొరికింది. మనిషి బక్కపలచన, ఇటుకలకు పనికిరాడని మేస్త్రీ అతన్ని క్యూరింగుకు పెట్టాడు. స్లాబు పోసిన మర్నాడు దాని మీద సిమెంటు గట్లతో మడులు కట్టాలి. వరిమడికి పెట్టినట్టు నీళ్లు నిలపాలి. మూడు వారాలు ఆరనివ్వకూడదు, ఆరితే స్లాబు పగులుతుంది. పైపు అందిన చోట పైపు, అందని చోటికి ఆడవాళ్లు బిందెలతో మోసేవాళ్లు. ఊళ్లో వాన కోసం మెడ నొప్పెట్టేలా ఆకాశం చూసినవాడికి, ఇక్కడ ఎటు చూసినా తను నిలిపిన నీళ్లే. నర్సయ్యకు ఆ పని ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం అన్నం కూడా ఆ గట్ల పక్కనే కూర్చుని తినేవాడు.

వాళ్ల బస ఖాజాగూడ గుట్టల కింద రేకుల షెడ్లలో. ఆ ఏడు వానాకాలం బాలమ్మకు ఆరో నెల. ఉన్నట్టుండి ఒకరోజు మధ్యాహ్నం, పని మీద ఉండగానే పళ్లు టకటకలాడేంత చలి పట్టుకుంది. ఆ తర్వాత జ్వరం, ఆ తర్వాత చెమటలు. రోజు విడిచి రోజు అదే వరస. దవాఖానలో రక్తం చూసి మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు. జ్వరం తగ్గింది కానీ కడుపు నిలవలేదు. మూడు నెలలకు ఆ చలిజ్వరం మళ్లీ వచ్చింది, ఇంకో నాలుగు నెలలకు మళ్లీ. ఒకసారి ఇల్లు చూసిపోయిన చుట్టంలా వచ్చి పోతూనే ఉండేది.

తొంభై ఎనిమిదిలో బిల్డింగు పూర్తయింది. నాలుగు స్లాబుల్లో వెంట్రుకవాసి పగులు లేదు. ఓనరు మెచ్చుకుని నర్సయ్యను అక్కడే వాచ్‌మన్‌గా ఉండమన్నాడు, మెట్ల కింద ఒక గది ఇచ్చాడు. గదంటే పేరుకే. నిలబడితే తల తగులుతుంది, కానీ గోడలున్నాయి, కిటికీకి దోమల జాలీ ఉంది, చుట్టుపక్కల నిలవనీళ్లు లేవు. ఆ గదిలోకి మారాక బాలమ్మకు ఒక్కసారే జ్వరం వచ్చింది. దసరా నాటికి మళ్లీ నాలుగో నెల. నర్సయ్యకు ఆ గది ఎంత అవసరమో ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

మూడో అంతస్తులో భీమేశ్వరరావు గారి కంపెనీ. ఆయనది తణుకు. పై దేశాల ప్రయోగశాలలకు కంప్యూటర్ల మీద లెక్కలు చేసిపెడతారు. మొత్తం ఎనిమిదిమంది మనుషులు, చివర ఒక అద్దాల గది, అందులో బీరువా అంత నీలం రంగు మెషీను. ఆ గదిలోకి ఎవరు వెళ్లినా చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడకూడదట. నర్సయ్య మాత్రం దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు, ఊడవడానికి వెళ్లినప్పుడల్లా గడపకు దండం పెట్టేవాడు.

ఆ మెషీను బాధ్యత రసజ్ఞది. బాపట్ల అమ్మాయి, ఇరవై ఏడేళ్లు, జీవరసాయనంలో పెద్ద చదువు. బిల్డింగు మొత్తంలో నర్సయ్యను ‘గారూ’ అని పిలిచే ప్రాణి ఆమె ఒక్కతే. మొదటిసారి పిలిచినప్పుడు అతను వెనక్కి తిరిగి ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూశాడు.

“అండ్ల ఏమున్నది మేడం, గంత సల్లగ పెట్టిండ్రు?” అని ఒకరోజు అడిగాడు.

“లెక్క నడుస్తోందండి, నర్సయ్య గారూ. మలేరియా లెక్క.”

“సలిజరమా? మా బాలమ్మకొచ్చేదేనా?”

“అదేనండి. రండి, చూపిస్తాను.” ఆమె కుర్చీ పక్కకు జరిపి తెర చూపించింది. ఎర్రటి ముద్ద ఒకటి, నీలం ముద్ద ఒకటి, ఉండలు చుట్టిన నూలు మాదిరి. “దోమ కుట్టినప్పుడు మలేరియా పురుగు ఒంట్లోకొస్తుంది కదండీ. అది రక్తకణంలో దూరాలంటే ముందు దాన్ని పట్టుకోవాలి. కణం మీద గొళ్లెం లాంటిది ఉంటుంది, ఈ నీలంది. పురుగుకి దాన్ని పట్టుకునే చెయ్యి ఉంటుంది, ఈ ఎర్రది. ఈ చెయ్యి అసలు రూపం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. దాని చుట్టాలనిపించేవాటిని బట్టి ఊహించి మేమే బొమ్మ కట్టాం. ఇప్పుడు మెషీను ఆ చేతిని లక్షల రకాలుగా తిప్పి తిప్పి, గొళ్లెం మీద పెట్టి చూస్తోంది. ఎక్కడ గట్టిగా పట్టుకుంటుందో తెలిస్తే అక్కడ అడ్డం పెట్టే మందు ఆలోచించొచ్చు.”

“గొళ్లెం ఊడబీకితే అయిపాయె గద మేడం?”

రసజ్ఞ పకపకా నవ్వింది. “మీరు భలే పట్టుకున్నారే! ఆఫ్రికాలో చాలామందికి పుట్టుకతోనే ఈ గొళ్లెం లేదండి. మీ ఆవిడకొచ్చే రకం జ్వరం వాళ్ల జోలికి పోదు.”

తలుపులు, గొళ్లాలు, దొంగచేతులు వాచ్‌మన్‌కు కొత్త కాదు. నర్సయ్యకు ఈ విద్య ఒక్క దెబ్బతో ఒంటబట్టింది. హుషారులో ఇంకో ప్రశ్న అడిగాడు. అడగకుండా ఉంటే బాగుండేది.

“ఆ దోమలు యాడికెల్లి వస్తయ్ మేడం? మోరీలకెల్లెనా?”

“మురిక్కాలవల్లో దోమలు వేరండి. మలేరియా దోమకి మంచినీళ్లే కావాలి. కదలకుండా నిలిచిన నీళ్లు. బిల్డింగులు కట్టేచోట స్లాబుల మీద నిలబెడతారు చూశారా, అది దానికి పుట్టిల్లు.”

ఆమెకు నర్సయ్య పూర్వాశ్రమం తెలియదు. మామూలుగా చెప్పి మళ్లీ తెరవైపు తిరిగింది. నర్సయ్య మెట్లు దిగి, రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాడు. తను కూర్చున్నది తను నీళ్లు పెట్టిన స్లాబు మీదే. ఎన్ని మడులు కట్టాడు! ఎంత ముచ్చటగా కట్టాడు! గట్టు తెగితే రాత్రికి రాత్రి లేచొచ్చి మరీ పూడ్చాడే! తన బిడ్డను చంపిన దోమలను తనే, తన చేతులతో, చుక్క నీరు ఆరకుండా పెంచాడన్నమాట. గదిలోకెళితే బాలమ్మ బియ్యం ఏరుతూ, “ఏందయ్యా, మొకం గట్ల పెట్టినవ్?” అంది. “ఏం లేదు, ఎండ,” అన్నాడు. అది అబద్ధమే కానీ చిన్నది కాబట్టి లెక్కలోకి తీసుకోను.

ఆ రోజు నుంచి అతనికి ఆ నీలం మెషీను మీద ఒక రకమైన భక్తి కుదిరింది. తను చేసిన పాపాన్ని అది లోపల కూర్చుని రాత్రింబవళ్లు కడుగుతోందనుకునేవాడు. ఎన్ని రోజులైందో, ఇంకెన్ని రోజులుందో రోజూ రసజ్ఞను అడిగేవాడు. మొత్తం ముప్పై రోజుల లెక్క. దసరా నాటికి ఇరవై మూడు నిండాయి.

పండక్కి ముందురోజు భీమేశ్వరరావు గారు తణుకు బయల్దేరుతూ నర్సయ్యను పిలిచి తాళాలిచ్చారు. “రేపు పొద్దున్నే అన్నీ తుడిచి, ప్రతి కంప్యూటరుకీ బొట్టు పెట్టు. గుమ్మానికి గుమ్మడికాయ కొట్టు. ఒక్కటి కూడా మర్చిపోకు.”

నర్సయ్య మర్చిపోయే రకం కాదు. దసరా పొద్దున తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పసుపు, కుంకుమ, బంతిపూలతో పైకెళ్లాడు. టేబుళ్ల మీది కంప్యూటర్లన్నీ ఆపి ఉన్నాయి, బొట్లు పెట్టాడు. చెప్పులు విడిచి అద్దాల గదిలోకి వెళ్లాడు. నీలం మెషీను గూఁ అని నడుస్తోంది. కుంకుమ వేలు ముందుకు పోయి ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నడుస్తున్న పనిముట్టుకు పూజ చేయరు. ఊళ్లో దసరాకు నాగలిని కడిగి గోడకు ఆనించేవాళ్లు, ఎడ్లకు కాడి దించేవాళ్లు. ఇక్కడ పనిమీద కాంక్రీటు కలిపే మిల్లర్‌ను కూడా ఆపి, కడిగి, అప్పుడు పసుపు పూసేవాళ్లు. తిరిగే చక్రానికి బొట్టు పెట్టబోయి ఒకతను రెండు వేళ్లు పోగొట్టుకున్నాడని మేస్త్రీ ఏటా చెప్పేవాడు. అందులో భయమూ ఉంది, మర్యాదా ఉంది. ఏడాదంతా చాకిరీ చేసినదాన్ని ఆ ఒక్క పూట ఊపిరి తీసుకోనివ్వాలి. మిగతావాటికి సెలవిచ్చి, అందరికంటే ఎక్కువ కష్టపడుతున్న ఈ ఒక్కదానికీ విశ్రాంతి లేకపోవడం నర్సయ్యకు అన్యాయమనిపించింది.

ఆపితే ఏమవుతుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. దానికి సమాధానం కూడా అతని దగ్గరే ఉంది. పంపు ఆపి మళ్లీ వేస్తే, నీళ్లు మడిలో ఎందాకా పారాయో అక్కడి నుంచే కదా పారతాయి? పారిన మడి వెనక్కి ఎండిపోదు కదా? ఇరవై నిమిషాల భాగ్యానికి ఏమవుతుంది? “జర సేపు అలుపు తీర్సుకో తల్లీ,” అని చెప్పి, మెషీను బాగుచేయడానికొచ్చినవాళ్లు నొక్కగా తను చూసిన బొత్తాన్ని నొక్కాడు. గూఁ అనే చప్పుడు మెల్లగా తగ్గి ఆగింది. మెత్తటి గుడ్డతో తుడిచి, మూడు బొట్లు పెట్టి, పువ్వు పెట్టి, కళ్లు మూసుకుని బాలమ్మ కడుపులో బిడ్డ కోసం మొక్కుకున్నాడు. తర్వాత మళ్లీ బొత్తాం నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది, గూఁ మొదలైంది. నిమ్మళంగా గడప బయట గుమ్మడికాయ కొట్టి కిందికొచ్చాడు. అంత తృప్తిగా ఆ ఏడాదిలో ఇంకే రోజూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున రసజ్ఞ అరిచిన అరుపు కిందిదాకా వినిపించింది. నర్సయ్య పరుగున వెళ్లేసరికి ఆమె తెర ముందు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

“నర్సయ్య గారూ, నిన్న ఇక్కడ కరెంటు పోయిందా? మెషీను ఆగి మళ్లీ మొదలైంది. మొత్తం పోయిందండి. ఇరవై మూడు రోజుల లెక్క. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాలి.”

ఒకటి నుంచి! పారిన మడి వెనక్కి ఎండిపోయింది. నర్సయ్య నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడు కింద నుంచి బాలమ్మ బిందె తోముతున్న చప్పుడు వినిపించింది. గది పోతుంది. మళ్లీ రేకుల షెడ్డు, మళ్లీ దోమలు, నాలుగో నెల.

“పొయ్యింది మేడం,” అన్నాడు. “జర సేపు పొయ్యింది.”

రెండే ముక్కలు. ముఖం తెల్లబోయింది. రసజ్ఞ చూసి కూడా అది తన బాధ చూసి పడుతున్న బాధే అనుకుంది. అబద్ధం అతికిందన్నాను చూశారా, అలా అతికింది.

తణుకు నుంచి వచ్చిన భీమేశ్వరరావు గారు యూపీఎస్ కంపెనీవాళ్లను పిలిచి కడిగేశారు. వాళ్లు బ్యాటరీలన్నీ పరీక్షించి అంతా బాగానే ఉందన్నారు. “బాగానే ఉందనక పాడైందని ఎవడైనా ఒప్పుకుంటాడా?” అన్నారాయన. రసజ్ఞ మళ్లీ మొదలెడతానంటే వద్దన్నారు. కరెంటునే నమ్మలేనప్పుడు నెలరోజుల లెక్కలేమిటి? అవతల రెండువేల సంవత్సరం పని కుప్పలుగా వచ్చిపడుతోంది. కంప్యూటర్లలో తారీకులు దిద్దే పని. ఊరంతా అదే చేస్తోంది, మనమూ చేద్దాం, ఈ జ్వరాల గొడవ మనకెందుకన్నారు. నవంబరు దాకా చూసి, మెషీను అమ్మేద్దామని కూడా అన్నారు.

రసజ్ఞ ఎవరినీ ఏమీ అనలేదు. తనను తానే అనుకుంది. “లెక్క ఎందాకా వచ్చిందో మధ్యమధ్యలో దాచిపెట్టుకోవాలండి, అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. డిస్కులో చోటు చాలట్లేదని ఆపేశాను. తప్పంతా నాదే, నర్సయ్య గారూ,” అంది ఒకరోజు టీ గ్లాసు చేతిలో పట్టుకుని. టీ చల్లారిపోయింది కానీ ఆమె తాగలేదు. నర్సయ్య చీపురు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. ఇక్కడ ఆ మాత్రం అడిగేవాళ్లు కూడా లేరు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే బాగుండునని, కాలర్ పట్టుకుని నాలుగు తగిలిస్తే ఇంకా బాగుండునని అతనికి అనిపించేది. అద్దాల గదికి దండం పెట్టడం మానేశాడు. మెషీను మీద ఎండిన బొట్లు మూడూ అతన్నే చూస్తున్నట్టుండేవి.

అది చాలదన్నట్టు నవంబరు మొదట్లో బాలమ్మకు మళ్లీ చలి పట్టింది. రసజ్ఞ తనే ఆటో పిలిచి దవాఖానకు తీసుకెళ్లింది. కడుపుతో ఉన్నప్పుడు ఏ మాత్ర వేయాలో, ఏది వేయకూడదో డాక్టరుతో తగువేసుకుని మరీ కనుక్కుంది. తిరిగొచ్చేటప్పుడు తెల్లటి దోమతెర కొనుక్కొచ్చింది. “జాలీ ఉన్నా సరే, రోజూ ఇది కట్టుకునే పడుకోవాలండీ బాలమ్మ గారూ,” అని నాలుగు మూలలా ఎలా కట్టాలో చూపించింది. ఆ రాత్రి నుంచి నర్సయ్య ఆ తెరలో పడుకోలేదు. ఉక్కపోత అని చెప్పి గుమ్మం బయట పడుకునేవాడు. నవంబరులో ఉక్కేమిటని బాలమ్మ అడగలేదు.

నవంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం రసజ్ఞ అతన్ని పైకి పిలిచింది. ఆమె ముందు కాగితం, చేతిలో పెన్ను.

“లెక్క మావల్ల కాదని పని ఇచ్చిన పైదేశం వాళ్లకి ఉత్తరం రాయమన్నారు సార్. కారణం రాయాలి కదా. దసరా రోజున కరెంటు పోయిందన్నారు మీరు. ఎన్నింటికి పోయిందండి? ఎంతసేపు?”

“అది రాయాల్నా మేడం?”

“రాయాలండి. మీరు చెప్పిందే రాస్తాను.”

పెన్ను కాగితం మీద ఆగి ఉంది. నోటిమాటగా ఉన్నంతకాలం అబద్ధం అతని ఒక్కడిదే, కడుపులో పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడది ఈ అమ్మాయి దస్తూరీలో, ఈ అమ్మాయి సంతకం కింద, సముద్రాలు దాటి వెళ్లబోతోంది. ఇక్కడ కరెంటు ఉండదు, ఇక్కడ ఈ పని కాదు అని పెద్ద పెద్దవాళ్లు చదువుకుంటారు. ఆ ఎర్ర చెయ్యి ఆ నీలం గొళ్లేన్ని ఎక్కడ పట్టుకుంటుందో ఇక ఈ గదిలో ఎవరూ వెతకరు. అందుకు కారణంగా నర్సయ్య ఇప్పుడు ఒక టైము చెప్పాలి. ఎనిమిది అనాలా, ఎనిమిదింబావు అనాలా?

“కరెంటు పోలే మేడం,” అన్నాడు. “నేనే బంద్ చేసిన.”

రసజ్ఞ తలెత్తింది.

“బొట్టు పెట్టెటందుకు బంద్ చేసిన. నడిచేదానికి పెట్టొద్దని. మల్ల చాలు చేస్తే ఆగినకాడికెల్లే నడుస్తదనుకున్న. మీరు అడిగిననాడు గది పోతదని భయమైంది, కరెంటు మీద వెట్టిన. మీది తప్పు లేదు, కరెంటుది లేదు. నాదే.”

ఆమె పెన్నుకు మూత పెట్టింది. తర్వాత మెల్లగా అంది. “పోయిన ఇరవై మూడు రోజులు పోనీండి. తెలీక చేశారు. కానీ ఆ తర్వాత యాభై రోజులు... నేను రోజూ మీ ముందే ఏడ్చాను కదండీ.”

ఆమె ఉత్తరం రెండుగా చింపి, విసవిసా భీమేశ్వరరావు గారి గదిలోకి వెళ్లింది. కరెంటు పోలేదు, యూపీఎస్ బాగుంది, మెషీను బాగుంది, ఇంక నడపకపోవడానికి కారణమేం లేదని ఆమె అంటున్న మాటలు బయటికే వినిపించాయి. ఈసారి రెండ్రోజులకోసారి టేపు మీద దాస్తానంది. ఆయన ఊఁ అనక తప్పలేదు. ఆ తర్వాత నర్సయ్యను లోపలికి పిలిచారు.

“బొట్టు పెట్టమన్నానుగానీ పీక నొక్కమన్నానా?”

“తప్పయింది సారూ.”

“చేసినందుకు కాదయ్యా. రెండు నెలలు నాచేత ఆ బ్యాటరీలవాళ్లని తిట్టించావు చూడు, అందుకు. ఓనరుగారికి ఫోన్ చేస్తాను. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి.” రసజ్ఞ తలుపు దగ్గరే ఉంది. ఆమె ఏమైనా అంటుందేమోనని నర్సయ్య ఆశపడ్డాడని చెబితే తప్పేమీ లేదు. ఆమె అద్దాల గదివైపు వెళ్లిపోయింది.

కిందికొచ్చి బాలమ్మకు మెషీను సంగతంతా చెప్పాడు. ఆమె విని, పొయ్యి మీద అన్నం కలిపి, “చెప్పినవ్ గద. ఇగ లోపల పండుకో,” అంది. అంతే. నీళ్ల సంగతి మాత్రం అప్పుడు కూడా అతనికి నోరు పెగల్లేదు.

మియాపూర్‌లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. పాత మేస్త్రీ అక్కడే ఉన్నాడు, నర్సయ్యను చూడగానే సంబరపడి క్యూరింగుకు పెట్టాడు. ఒక్క పగులు రానివ్వని చెయ్యి కదా మరి! నర్సయ్య ఈసారి మడులు కట్టనన్నాడు. గోనె సంచులు పరిచి, పూటకు మూడుసార్లు తడుపుతానన్నాడు. “ఒక్కసారి నిలబెడితే పోయేదానికి రోజంతా తిరుగుతవా? పిచ్చిగిట్ల లేచిందా?” అని మేస్త్రీ తిట్టాడు కానీ, స్లాబు తడిగా ఉందా లేదా అన్నదే అతనికి కావాలి. వదిలేశాడు. నర్సయ్య రోజుకు ఆరుసార్లు మెట్లెక్కి దిగేవాడు. పక్క బిల్డింగులో మాత్రం మడులు కట్టి నీళ్లు నిలిపే ఉన్నాయి, ఆకాశం అంతా వాటిలోనే కనిపించేది. ఒక మనిషి గోనెసంచులతో ఎంత నీటిని ఆపగలడు?

అతను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ముప్పై నిండిన మర్నాడు బస్సు డిపో దగ్గరి ఫోను డబ్బాలో రూపాయి వేసి, కాగితం మీద రాసుకున్న నంబరు నొక్కాడు.

“అయిపోయింది, నర్సయ్య గారూ,” అంది రసజ్ఞ. గొంతు అలిసిపోయి ఉంది. “నిన్న సాయంత్రం. ఒక్కసారి కూడా ఆగలేదు.”

“దొరికిందా మేడం? చెయ్యి యాడ పట్టుకుంటదో?”

“లేదండి. మేం అనుకున్న చోట పట్టుకోలేదు. మా ఊహ తప్పు. బొమ్మ మళ్లీ కట్టాలి.”

“నేను బంద్ చేసినందుకేనా?”

“ఛ, కాదండి! అప్పుడు పూర్తయినా ఇదే వచ్చేది. ఇది తప్పని తెలియడం కూడా పనేనండి. నర్సయ్య గారూ, ఆ రోజు సార్‌తో మీ గురించి ఒక్క మాట చెప్పాల్సింది నేను. కోపంలో చెప్పలేదు. బాలమ్మ గారు ఎలా ఉన్నారు? తెర కట్టుకుంటున్నారా?”

“కట్టుకుంటున్నం మేడం,” అన్నాడు. ఇంతలో ఫోను కట్టయింది, జేబులో ఇంకో రూపాయి లేదు.

షెడ్డు దాకా నడుస్తూ అతను ఆ మాటలనే తిప్పితిప్పి చూసుకున్నాడు. అప్పుడు పూర్తయినా ఇదే వచ్చేదట. నిజమే కావచ్చు. కానీ డెబ్బై రోజుల ముందే తెలిసేది కదా, తప్పని. ఈపాటికి రెండో బొమ్మ సగందాకా వచ్చేది కదా. ఆమె మంచిది కాబట్టి అలా అంది. అందరూ మంచివాళ్లే, అందుకే అతనికి ఊపిరాడటం లేదు.

షెడ్డులో బాలమ్మ దోమతెర కడుతోంది. ఆరో నెల దాటి పది రోజులైంది, కింద కూర్చుని లేవడానికి గోడ పట్టుకుంటోంది. నర్సయ్య గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు.

“ఓ బాలమ్మా. నీకొక మాట చెప్పాలె. రెండేండ్ల సంది చెప్పాల్సింది.” అది అబద్ధం, అతనికి తెలిసి మూడు నెలలే. అతని లోపల మాత్రం అది మొదటి నుంచీ ఉన్నట్టే ఉంది. “ఆ ఏడు నీకు సలిజరం వచ్చింది నా నీళ్లతోనే. స్లాబు మీద నేను నిలవెట్టిన నీళ్లల్లనే ఆ దోమలు పుట్టినయ్. పిల్లను పొట్టన పెట్టుకున్నది నేనే.”

బాలమ్మ మూడో మూల ముడి బిగించింది.

“నాకెర్కే,” అంది. “దవాఖాన్ల నర్సమ్మ అప్పుడే చెప్పింది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె?” ఆమె ఇటు తిరగలేదు. “నాలుగో స్లాబుకు పైపు అందకపాయె. కడుపు మీద కొంగు బిగించి, నాలుగంతస్తులు బిందెలు మోసి ఆ మళ్లు నింపింది ఎవరయ్యా? నేనే గద. ఎన్ని బిందెలో ఇప్పటికీ లెక్క పెట్టుకుంట. చెప్తే నువ్వు నన్ను ఎట్ల చూస్తవోనని చెప్పలే.”

దోమతెర నాలుగో మూల ఇంకా కట్టలేదు. నర్సయ్య లేచి లోపలికి వెళ్లి, ఆమె చేతిలోంచి ఆ తాడు అందుకుని కట్టాడు.